ఎదురు దారిలో వచ్చే టిప్పర్‌కు చలానా చాలదు

2025 సెప్టెంబరు 17న నెల్లూరు జిల్లా సంగం మండలం పెరమన దగ్గర నెల్లూరు–ముంబై జాతీయ రహదారిపై ఇసుక టిప్పర్ ఒకటి ఎదురు దారిలో వచ్చి కారును ఢీకొంది. కారులో ఉన్న ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ఘోరం జరిగాక ఏమవుతుందో ఈ ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నాయకులు పరామర్శిస్తారు, అధికారులు స్థలం పరిశీలిస్తారు, కొన్నాళ్లు టిప్పర్లను ఆపి కాగితాలు అడుగుతారు. ఆ తర్వాత అంతా యథాప్రకారం. సిబ్బంది చాలరనీ, మామూళ్లు నడుస్తున్నాయనీ, జనానికి బాధ్యత లేదనీ కారణాలు వినిపిస్తాయి. అవేవీ అబద్ధాలు కావు. అయితే వాటన్నిటికీ అడుగున మరో లోపం ఉంది. మన ట్రాఫిక్ తనిఖీ ప్రమాదం ఉన్న చోటికి కాకుండా, మనిషి తేలిగ్గా దొరికే చోటికి వెళుతోంది. దొరికిన తర్వాత కూడా, చేసిన తప్పు ఎంత ప్రాణాంతకమైనదైనా సరే, రూపాయలు కట్టించుకోవడంతోనే వ్యవహారం ముగిసిపోతోంది.

ఎదురు దారి సంగతే తీసుకుందాం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఈ విషయంలో ఏ సందేహమూ మిగల్చలేదు. ప్రమాదకరమైన డ్రైవింగ్‌ను శిక్షించే 184వ సెక్షన్‌లో ఎర్ర లైటు దాటడం, చేతిలో ఫోను పట్టుకుని నడపడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడంతో పాటు వాహనాలు సాగే దిశకు ఎదురుగా నడపడాన్నీ చేర్చింది. మొదటిసారి అయితే 6 నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలో మళ్లీ అదే పని చేస్తే జైలు రెండేళ్ల దాకా, జరిమానా 10,000. అంతే కాదు, అక్కడికక్కడే రుసుము కట్టించుకుని వదిలేయదగిన నేరాల జాబితా 200వ సెక్షన్‌లో ఉంది. అందులో 184కు సంబంధించి ఒక్క ఫోను వాడకానికే చోటు దొరికింది. ఎదురు దారిలో లారీ నడిపినవాడిని చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఆచరణలో జరిగేది వేరు. అదే పనిని ట్రాఫిక్ సూచికలు పాటించకపోవడంగా రాస్తే 177వ సెక్షన్ కిందికి, అంటే సాధారణ ఉల్లంఘనల గంపలోకి వెళ్లిపోతుంది. కేంద్ర చట్టంలో దాని తొలి జరిమానా 500 రూపాయలు. రాసే అధికారికి కోర్టు తిరుగుడు తప్పుతుంది, కట్టేవాడికి జైలు భయం తప్పుతుంది, స్టేషన్ లెక్కలో ఒక కేసు పెరుగుతుంది. ముగ్గురికీ సుఖమే. ఎదురుగా వచ్చే కారులో ఉన్నవాళ్ల సుఖం మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

టిప్పర్ డ్రైవర్ ఎదురు దారి ఎందుకు పడతాడో కూడా చూడాలి. పెన్నా నదిలో ఇసుక తవ్వే రీచ్‌ల నుంచి ఇసుక తోలే బండ్లలో చాలావాటికి ట్రిప్పుల లెక్కన డబ్బు. రోజుకు ఒక ట్రిప్పు ఎక్కువ పడితే డ్రైవర్‌కు బత్తా పెరుగుతుంది, యజమానికి అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. డివైడర్‌కు అవతలి దారిలోకి వెళ్లాలంటే యూటర్న్ రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఎదురుగా పోతే అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల ఆదా ఎవరి జేబులో పడుతుందో గమనిస్తే శిక్ష ఎవరిదాకా వెళ్లాలో అర్థమవుతుంది. స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడిని మాత్రమే పట్టుకుంటే, మర్నాడు అదే సీట్లో మరో డ్రైవర్ ఉంటాడు.

ఇక్కడ ఇంజినీర్ల వాటా కూడా ఉంది. తమిళనాడు సరిహద్దులోని తడ నుంచి మార్టూరు దాకా 16వ నంబరు జాతీయ రహదారి పొడవునా ఊళ్లు ఒక పక్క, పొలాలు మరో పక్క పడిన చోట్లు ఎన్నో. సర్వీసు రోడ్డు లేని చోట ట్రాక్టరు, మోపెడ్, గడ్డిమోపుతో వచ్చే మనిషి అందరూ ఎదురు దారినే వస్తారు. వాళ్లను ఆపి చలానా రాయడం పరిష్కారం కాదు. రహదారి డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించని కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు, సంబంధిత అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2019 సవరణలోనే 198ఏ సెక్షన్ వచ్చింది. చలానా యంత్రాల్లో ఈ సెక్షన్‌కు మీట ఉండదనుకోవాలి.

ఇప్పుడు ఊళ్లోకి వద్దాం. నెల్లూరులో వీఆర్సీ సెంటర్, మద్రాసు బస్టాండు, అయ్యప్పగుడి సెంటర్. ఒంగోలులో చర్చి సెంటర్, అద్దంకి బస్టాండు, కర్నూలు రోడ్డు. ఆఫీసుల వేళ ఎక్కడ చూసినా హెల్మెట్ తనిఖీలే. కానిస్టేబుల్ రోడ్డుకు అడ్డంగా వచ్చి చెయ్యి చాపుతాడు. యాభై గజాల వెనక ఉన్న బండి అది చూసి గిర్రున తిరిగి ఎదురు దారిలో పారిపోతుంది. హెల్మెట్ లేని తప్పును పట్టుకోబోయి ఎదురు దారి తప్పును సృష్టించడం మన కూడళ్లలో రోజూ కనిపించే విడ్డూరం.

దీన్ని బట్టి హెల్మెట్ తనిఖీ దండగ అనుకోకూడదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 50,029 మంది ద్విచక్ర వాహనంపై హెల్మెట్ లేకుండా వెళ్తున్నవారు. రాష్ట్రంలో ఈ నిబంధన ఎందుకు అమలు కావడం లేదని 2024లో హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీయడంలో తప్పేమీ లేదు. అభ్యంతరం తనిఖీ మీద కాదు, దామాషా మీద. ఆ 2022 మరణాల్లోనే 71 శాతం అతివేగం ఖాతాలో పడ్డాయి. మొత్తం రోడ్ల పొడవులో 2 శాతం పైచిలుకు మాత్రమే ఉన్న జాతీయ రహదారుల మీద 36 శాతం మంది చనిపోయారు. కావలి దగ్గర ముసునూరు టోల్ ప్లాజా వద్ద 2024 ఫిబ్రవరిలో లారీలు, ప్రైవేటు బస్సు ఢీకొన్న ప్రమాదం తెల్లవారకముందే జరిగింది. ఆ వేళకు చర్చి సెంటర్‌లో గాని, వీఆర్సీ సెంటర్‌లో గాని తనిఖీ ఉండదు, అవసరమూ లేదు. కావలసింది రహదారి మీద, రాత్రి, వేగాన్ని కొలిచే పరికరంతో. నాలుగు వరుసల రహదారిపై కారుకు 100, సరుకు బండికి 80 కిలోమీటర్ల వేగం దాటకూడదన్నది 2018 నుంచి ఉన్న నిబంధనే. ఆ సంగతి తెలిసిన లారీ డ్రైవర్లు ఎందరో చెప్పడం కష్టం. ఎందుకంటే దాన్ని అడిగినవాళ్లే అరుదు.

జరిమానా బరువు కూడా అందరి మీదా ఒకేలా పడదు. హెల్మెట్ లేకపోతే చట్టంలో రాసింది 1,000 రూపాయలు. 2025–26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. అంటే ఆత్మకూరు వైపు నుంచి పనికి వచ్చే కూలీకి అది మూడు రోజుల కష్టానికి మించిన సొమ్ము. పెద్ద కారులో తిరిగే ఆసామికి ఒక పూట హోటల్ బిల్లు. ఫిన్లాండ్‌లో అతివేగానికి జరిమానాను మనిషి ఆదాయాన్ని బట్టి లెక్కకడతారు. మన దేశంలో ఆదాయం తేల్చడమే ఒక యజ్ఞం కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ నడవదు. కానీ ధనవంతుడికీ పేదవాడికీ ఒకే బరువుతో తగిలేది ఒకటి ఉంది. అది లైసెన్సు.

సంస్కరణ మొదలు కావలసిన చోటు ఇదే. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, తాగి నడపడం వంటి నేరాల్లో పోలీసు అధికారి లైసెన్సు స్వాధీనం చేసుకుని, రసీదు ఇచ్చి, రద్దు లేదా సస్పెన్షన్ కోసం రవాణా శాఖకు పంపాలని 206వ సెక్షన్‌లో 2019లోనే చేర్చారు. అంతకు ముందే, 2015 ఆగస్టులో, సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ అన్ని రాష్ట్రాలకూ ఇదే చెప్పింది. అతివేగం, ఎర్ర లైటు దాటడం, ఫోను, మద్యం, అధిక లోడు కేసుల్లో కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయమంది. పక్కనున్న తమిళనాడు ఈ మాటను చెవిన పెట్టింది. లైసెన్సుల సస్పెన్షన్‌తో పాటు 108 అంబులెన్సులను ప్రమాదాలు జరిగే చోట్లకు దగ్గరగా ఉంచడం, బ్లాక్‌స్పాట్ల మరమ్మతు వంటివన్నీ కలిపి చేసింది. 2016లో అక్కడ 17,218గా ఉన్న మరణాలు 2019 నాటికి 10,525కు తగ్గాయి. ఏది ఎంత పని చేసిందో విడదీయడం తేలిక కాదు గాని, తడ దాటితే కనిపించే ఆ తేడా గాలిలోంచి ఊడిపడింది కాదు.

మన దగ్గర ఆ సస్పెన్షన్ కాగితం ఎక్కడ ఆగుతోంది? పోలీసు వేరు, రవాణా శాఖ వేరు. స్టేషన్ నుంచి సిఫారసు వెళ్లాలి, రవాణా కార్యాలయం నోటీసు ఇవ్వాలి, డ్రైవర్ వాదన వినాలి, ఆ తర్వాత ఉత్తర్వు. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆలస్యమైనా అడిగే నాథుడు లేడు. చలానా మాత్రం అరనిమిషంలో పడుతుంది, దాని మొత్తం ఆ సాయంత్రమే నివేదికలోకి ఎక్కుతుంది. కొలిచేది ఏదో అదే పెరుగుతుందన్నది ఏ ప్రభుత్వ కార్యాలయానికైనా వర్తించే సూత్రం.

బ్రిటన్‌లో చేసేది సూటిగా ఉంటుంది. తప్పుకు జరిమానాతో పాటు లైసెన్సుపై పాయింట్లు పడతాయి. మూడేళ్లలో 12 అయితే సాధారణంగా కనీసం ఆరు నెలలు బండి ముట్టకూడదు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడికి మొదటి రెండేళ్లలో 6 చేరినా లైసెన్సు పోతుంది. డబ్బు కట్టినంత మాత్రాన పాయింటు చెరిగిపోదు. మన పద్ధతిలో చలానా కట్టిన క్షణం నుంచి ఆ మనిషి చరిత్ర తెల్ల కాగితం. నిరుడు నాలుగుసార్లు ఎర్ర లైటు దాటినవాడూ, ముప్పై ఏళ్లలో మొదటిసారి పొరపాటు చేసినవాడూ కూడలి దగ్గర ఒకటే.

పైగా మన ఈ–చలానా పడేది మనిషి మీద కాదు, బండి మీద. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఏపీ 26, ఏపీ 27 నంబర్ల పాత బండ్లు ఇప్పటికి ఎన్ని చేతులు మారాయో వాటి తొలి యజమానులకే తెలియదు. సంతకం పెట్టిన ఫారాలు చేతిలో పెట్టి, డబ్బు తీసుకుని, ఆర్సీ మార్పు సంగతి కొన్నవాడికే వదిలేయడం సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారంలో మామూలు. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కాబట్టి ఎప్పుడో అమ్మేసిన బండి తప్పులకు నోటీసు పాత యజమాని ఫోనుకు వస్తుంది. ఆ ఫోను నంబరు కూడా మారిపోయి ఉంటే ఎవరికీ రాదు. బండి మళ్లీ ఎక్కడో దొరికినప్పుడు పాత చలానాల చిట్టా బయటపడుతుంది. అప్పటికి అది బండి ధరలో పావు వంతు అయి కూర్చుంటుంది.

ఇలా పేరుకుపోయిన బకాయిలను వదిలించుకోవడానికి ప్రభుత్వాలు ఎంచుకునే మార్గం రాయితీ. తెలంగాణ 2022లో ద్విచక్ర వాహనాల బకాయిలపై 75 శాతం, 2023 చివర్లో 80 శాతం తగ్గించింది. కర్ణాటక 2023లో సగానికి సగం వదిలేసింది. ఖజానాకు ఒక్కసారిగా సొమ్ము వస్తుంది, నిజమే. కానీ సకాలంలో కట్టినవాడు వెర్రివాడయ్యాడన్న సందేశం అంతకంటే వేగంగా పాకుతుంది. సంక్రాంతి డిస్కౌంటు కోసం చీర కొనడం వాయిదా వేసినట్టు, చలానా కట్టడం కూడా వాయిదా పడుతుంది. రాయితీకి బదులు జరిమానానే మొదట తక్కువగా ఉంచి, గడువు తప్పినకొద్దీ పెంచితే ఈ బేరం ఉండదు.

కెమెరాల విషయంలోనూ నిబంధనలు పుస్తకంలో బాగానే ఉన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నిబంధన ప్రకారం పరికరానికి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. కెమెరా ఉన్నట్టు ముందే బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. నంబరు ప్లేటు కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఉల్లంఘించిన సెక్షన్ అందులో ఉండాలి. ఈ నిబంధన కింద కెమెరాలు పెట్టాల్సిన నగరాల జాబితాలో నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. ఇంత వివరంగా రాసుకున్నాక కూడా, కూడలిలో నిలబడి సొంత ఫోనుతో వెనకనుంచి ఫొటో తీసి చలానా పంపే పద్ధతి ఇంకా నడవడం చట్టం పట్ల చట్టం అమలు చేసేవారికే ఉన్న గౌరవాన్ని చెబుతుంది. కేరళ 2023 జూన్‌లో 726 కెమెరాలతో పని మొదలుపెట్టినప్పుడు వివాదాలు తక్కువేమీ రాలేదు. కానీ రోడ్డు మీద చెయ్యి చాపడం, బేరం ఆడటం కెమెరాకు చేతకాదు. ఒక్క ఈ కారణం చాలు దాన్ని సమర్థించడానికి.

అయితే కెమెరా తూకం వేయలేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు దిమ్మెలతో ఒంగోలు వైపు దిగే లారీలను చూసినవారికి ఈ మాట అర్థమవుతుంది. గొలుసుతో కట్టిన ఒక్కొక్క దిమ్మె గదిలో సగం ఉంటుంది. లోడు మితిమీరితే బ్రేకు వేసినా బండి మరింత ముందుకు జారి గాని ఆగదు. అధిక లోడుకు 194వ సెక్షన్‌లో 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. కాని ఆ సెక్షన్‌లో అసలు పదును డబ్బులో లేదు. అదనపు బరువు దించేదాకా బండి కదలకూడదని అందులో ఉంది. రోడ్డు పక్కన దిమ్మె దించాలంటే క్రేన్ కావాలి, మరో లారీ కావాలి, ఒక రోజు పోతుంది. ఆ నష్టానికి జడిసే యజమాని జరిమానాకు జడవడు. అందుకే బ్రేక్ ఇన్‌స్పెక్టరు జరిమానా రాసి బండిని అదే లోడుతో వదిలేస్తే, అది దారి సుంకం వసూలు చేసినట్టే. లోడు వేయించినవాడిని కూడా చట్టం వదలలేదు. నడిపినవారితో పాటు నడిపించినవారికీ, నడపనిచ్చినవారికీ అదే శిక్ష. యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్ అంటుంది. షరతులు మీరిన బండి పర్మిట్‌ను సస్పెండ్ చేసే అధికారం 86వ సెక్షన్ కింద రవాణా శాఖకు ఉంది. పెన్నా ఇసుక టిప్పర్‌కైనా, చీమకుర్తి లారీకైనా పర్మిట్ ఒక నెల ఆగితే, ఎదురు దారిలో పోవద్దని డ్రైవర్‌కు చెప్పే బాధ్యత యజమానే నెత్తిన వేసుకుంటాడు.

కూలీల ఆటో కథ ఇలాంటిది కాదు. దాన్ని ఇదే కొలతతో కొలిస్తే అన్యాయం. తెల్లవారుజామున మిరప కోతకో, పొగాకు పనికో, రొయ్యల ప్లాంటుకో వెళ్లే ఆడవాళ్లు ముగ్గురు పట్టే ఆటోలో పది పన్నెండు మంది ఎక్కుతారు. వెనక చెక్క మీద ఇద్దరు, డ్రైవర్‌కు అటూ ఇటూ ఇద్దరు, క్యారియర్లన్నీ కాళ్ల దగ్గర. ఆ దారిలో ఆ వేళకు బస్సు లేదు, మనిషికి ఒక ఆటో కూలి గిట్టదు. 194ఏ సెక్షన్ ఒక్కో అదనపు ప్రయాణికుడికి 200 జరిమానా వేయమంటూనే, వాళ్లను దించి మరో వాహనం ఏర్పాటు చేసేదాకా బండి కదలనివ్వవద్దంటుంది. మరో వాహనం ఏర్పాటు చేసిన తనిఖీ ఎక్కడైనా ఉంటే అది వార్తే. కూలీలను రోడ్డు మీద దించి ఆ రోజు పని పోగొట్టడం, లేదా డబ్బు తీసుకుని అలాగే పొమ్మనడం. ఈ రెండింటి మధ్యే వ్యవహారం నడుస్తుంది. పని చేయించుకునే ప్లాంటు, రైతు, మేస్త్రీ ఎవరూ ఇందులోకి రారు. ఈ సమస్యకు సగం పరిష్కారం రవాణా శాఖ చేతిలో కాదు, ఆ వేళకు పల్లె బస్సు నడపగల ఆర్టీసీ చేతిలో ఉంది.

ఇక కోర్టులు. తాగి నడిపితే అక్కడికక్కడ తేల్చుకునే వీలు లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే 185వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. తొలిసారి 6 నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా లేదా రెండూ. మేజిస్ట్రేటు కోర్టు వరండాలో ఈ కేసుల వాళ్లు వరుస కట్టి, పిలిచినప్పుడు నేరం ఒప్పుకుని, డబ్బు కట్టి మధ్యాహ్నానికి ఇంటికి చేరతారు. చిన్న కేసులన్నీ లోక్ అదాలత్‌లో మూటగట్టి పరిష్కరిస్తారు. ఎన్ని పరిష్కారమయ్యాయో మర్నాడు పత్రికల్లో వస్తుంది. వాళ్లలో ఎందరు మళ్లీ తాగి బండి ఎక్కారో ఎక్కడా రాదు. చిన్న తప్పులకు కోర్టు గడప తొక్కనక్కర్లేదని, తపాలా ద్వారానే నేరం ఒప్పుకుని డబ్బు పంపవచ్చని 208వ సెక్షన్‌లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఫోనుకు మార్చి, ఆ కేసులన్నీ కోర్టు హాలు నుంచి తీసేస్తే, మిగిలిన సమయం 184, 185 కేసులకు దక్కుతుంది.

మనిషి చనిపోయిన కేసుల పరిస్థితి మరీ విచిత్రం. పాత శిక్షాస్మృతి 304ఏ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని అయిదేళ్లు చేసింది. ఢీకొట్టి పారిపోతే పదేళ్లన్న 106(2)ను మాత్రం లారీ డ్రైవర్ల సమ్మె తర్వాత పక్కన పెట్టారు. శిక్ష ఎంత పెంచినా, రుజువు పాత చోటే ఉంది. వాహనాన్ని పరీక్షించిన అధికారి ఇచ్చే ధ్రువపత్రం తరచూ ఒకే వాక్యం: యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదు. ఎంత వేగంతో వచ్చింది, బ్రేకు గుర్తులు ఎంత పొడవున్నాయి, డ్రైవర్ ఎన్ని గంటలుగా నిద్రపోలేదు అన్నవి దస్త్రంలో కనిపించవు. అసలు స్టీరింగ్ దగ్గర ఉన్నది ఇతనే అని చెప్పే సాక్షి విచారణ నాటికి ఉండడు. మరోవైపు పరిహారం కేసు బీమా కంపెనీ మీద నడుస్తుంది. అక్కడ ఛార్జిషీటు ఉంటే చాలావరకు పని జరుగుతుంది. దాంతో దర్యాప్తు అంతా తెలియకుండానే పరిహారం అవసరాలకు సరిపడేంత దగ్గర ఆగిపోతోంది. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కు ఇవ్వాలన్న నియమం వచ్చింది. ఆ సమగ్ర నివేదికలో నిజంగా కొలతలుంటే, అదే క్రిమినల్ కేసుకూ ప్రాణం పోస్తుంది.

ఇదంతా అమలు చేసేవారి మీద నమ్మకం లేకపోతే నడవదు. నంబరు ప్లేటు మీద హోదా రాసుకుని, హెల్మెట్ లేకుండా వెళ్లే సిబ్బందిని ఆపని కూడలిలో సామాన్యుడిని ఆపితే అతనికి ఒళ్లు మండుతుంది. చట్టం అమలు చేసే అధికారే తప్పు చేస్తే రెట్టింపు శిక్ష అని 210బీ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ కింద జిల్లాలో ఎన్ని కేసులు పెట్టారో ఏడాదికోసారి ప్రకటించినా, వంద అవగాహన సదస్సుల కంటే ఎక్కువ పని చేస్తుంది.

కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశాలు జరుగుతూనే ఉంటాయి. ఎన్ని చలానాలు రాశాం, ఎంత వసూలైంది అన్న పట్టిక అక్కడ ఎలాగూ ఉంటుంది. దాని పక్కన మరికొన్ని గడులు చేర్చడానికి ప్రత్యేక నిధులేమీ అక్కర్లేదు. ఎదురు దారి కేసుల్లో ఎన్ని 184 కింద కోర్టుకు వెళ్లాయి, ఎన్ని 177కు దిగజారాయి. పోలీసులు పంపిన లైసెన్సుల్లో ఎన్ని సస్పెండ్ అయ్యాయి, ఎన్ని రవాణా కార్యాలయంలో ఎన్ని రోజులుగా ఉన్నాయి. అధిక లోడుతో పట్టుబడిన లారీల్లో ఎన్నిటి సరుకు నిజంగా దించారు. ఎన్ని పర్మిట్లు ఆగాయి. రాత్రి పది తర్వాత రహదారిపై వేగం కొలిచిన గంటలెన్ని. నెల్లూరు కమిటీ గాని ఒంగోలు కమిటీ గాని వచ్చే సమావేశానికి ఈ గడులు నింపుకుని రావాలని రెండు శాఖలకూ చెప్పవచ్చు. ఖాళీగా వచ్చే గడి ఏదో, అసలు జాప్యం అక్కడే.